గీత పడని బంపరు, మూసుకోని తలుపు

జీపులు బాగుచేసే షెడ్లలో తరచూ కనిపించే సంగతి ఇది. వెనక మందపాటి ఇనుప బంపరు బిగించిన బండి రివర్సులో వస్తూ చెట్టుకు తగులుతుంది. వేగం పెద్దగా లేదు. దిగి చూస్తే బంపరుకు గీత కూడా పడలేదు. నల్లరంగు కాస్త లేచిందంతే. హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చి వెనక తలుపు తీసి మళ్లీ వేయబోతే అది మూసుకోదు. గడియ ఒకచోట ఉంటుంది, అది పడాల్సిన కొక్కెం ఇంకోచోట ఉంటుంది. మెకానిక్ కిందకు దూరి టార్చి వేసి చూస్తాడు. బంపరు బ్రాకెట్టుకు జానెడు ముందు ఛాసిస్ దూలం ముడత పడి ఉంటుంది.

దెబ్బ తగిలింది బంపరుకు, వంగింది ఛాసిస్. ఇది ఎందుకు జరిగిందో తెలిస్తే, అడవి దారులకు, రాళ్ల వాగులకు పనికొచ్చే వెనక బంపరును ఎలా కట్టాలో సగం తెలిసినట్టే.

వంగడమే దాని పని

కంపెనీ నుంచి వచ్చిన చాలా బండ్లలో మనకు కనిపించే ప్లాస్టిక్ బంపరు ఒట్టి తొడుగు. దాని లోపల ఒక ఉక్కు పట్టె, కొన్నిటిలో నురుగు దిమ్మ, వాటిని ఛాసిస్‌కు కలిపే బ్రాకెట్లు ఉంటాయి. బండి దేన్నైనా తాకినప్పుడు దాని వేగంలోని శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. ప్లాస్టిక్ పగులుతూ, నురుగు నలుగుతూ, పట్టె వంగుతూ ఆ శక్తిని తినేస్తాయి. అలా నలగడానికి ఎంత దూరం దొరికితే తాకిడి బలం అంత తగ్గుతుంది.

లెక్క చూద్దాం. 1,800 కిలోల బండి గంటకు 30 కి.మీ. వేగంతో గోడను తాకి, 20 సెం.మీ. నలిగి ఆగిందనుకోండి. ఆ క్షణంలో దాని మీద పడే సగటు బలం 30 టన్నులు దాటుతుంది. నలిగే దూరం 10 సెం.మీ.కు తగ్గితే ఆ బలం రెట్టింపవుతుంది.

మనుషులు కూర్చునే గది గట్టిగా ఉండాలని, ముందు వెనక భాగాలు నలిగిపోయేలా ఉండాలని మెర్సిడెస్ బెంజ్ ఇంజినీరు బేలా బరేని 1951లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1959లో వచ్చిన ఆ కంపెనీ కార్లలో ఆ ఆలోచన అమల్లోకి వచ్చింది. అంతవరకూ బండి ఎంత బిగువుగా ఉంటే అంత భద్రమన్న నమ్మకమే నడిచింది.

మందపాటి ఇనుప బంపరు బిగించడమంటే ఈ నలిగే దూరాన్ని తీసేయడమే. బంపరు వంగదు, బ్రాకెట్టూ వంగదు. బలం మాయమైపోదు కదా, తరవాతి బలహీనమైన చోటును వెతుక్కుంటూ ముందుకు పోతుంది. అది ఛాసిస్ దూలం చివర. అక్కడ ముడత పడితే పైనున్న బాడీ పక్కకు జరుగుతుంది, తలుపు గడియ తప్పుతుంది. పైగా, వెనక సీట్లో కూర్చున్నవారి మెడ మీద పడే కుదుపూ పెరుగుతుంది.

అయినా ఎందుకు మారుస్తారు?

ఏజెన్సీ వాగులు దాటినవారికి ఈ అనుభవం ఉంటుంది. ముందు చక్రాలు అవతలి గట్టెక్కుతాయి. బండి మూతి పైకి లేస్తుంది, తోక కిందకు దిగుతుంది. గరగరమంటూ వెనక బంపరు రాళ్లను గీరుకుంటుంది. ఎత్తయిన రాతిమెట్టు దిగేటప్పుడూ అంతే. చక్రం దిగిపోయాక వెనక మిగిలిన భాగం రాయి మీద కూర్చుంటుంది.

వెనక టైరును తాకుతూ, బంపరు కింది అంచును తాకుతూ ఒక గీత గీస్తే అది నేలతో ఒక కోణం చేస్తుంది. బండి ఎంత నిటారు గట్టును తోక తగలకుండా దాటగలదో ఆ కోణం చెబుతుంది. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు కంపెనీ చెప్పిన లెక్క 36.8 డిగ్రీలు. ఆ గీత నేలను కలిసే చోటు నుంచి బంపరు అంచు 70 సెం.మీ. వెనక, 50 సెం.మీ. ఎత్తులో ఉంటే కోణం 35 డిగ్రీల చుట్టూ ఉంటుంది. అంచును 10 సెం.మీ. పైకి జరిపితే 40 దాటుతుంది. అందుకే సొంతంగా కట్టే బంపర్లు వీలైనంత పైకి, వీలైనంత లోపలికి ఉంటాయి. రెండు చివర్లు చక్రాల వైపు ఏటవాలుగా పైకి తిరిగి ఉంటాయి. మలుపు తిరుగుతుండగా రాయికి ముందు తగిలేది మూలే.

కోణం ఒక కారణం. రెండోది, నా లెక్కలో అసలైనది, లాగడం.

లాగుడు బలం ఎంత?

బురదలో దిగబడ్డ బండిని ఊళ్లలో ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగుతారు. నెమ్మదిగా లాగినంతసేపూ ఫరవాలేదు. ట్రాక్టరు కాస్త ఊపుగా కదిలి, సడలి ఉన్న గొలుసు ఒక్కసారిగా బిగుసుకుందంటే మాత్రం కథ మారిపోతుంది.

1,800 కిలోల బండి గంటకు 15 కి.మీ. వేగంతో కదులుతూ తాడును బిగించిందనుకుందాం. తాడు సాగక, అన్నీ కలిపి 10 సెం.మీ. మాత్రమే సర్దుకుంటే, కొక్కేల మీద సగటున 16 టన్నుల బలం పడుతుంది. అంతదాకా రాకముందే ఏదో ఒకటి తెగుతుంది. అదే వేగాన్ని 2 మీటర్ల దూరంలో ఆపితే సగటు బలం 800 కిలోలు. సాగేకొద్దీ బిగువు పెరుగుతుంది కాబట్టి చివరి క్షణంలో అది సుమారు 1,600 కిలోలకు చేరుతుంది.

ఆఫ్-రోడ్‌కు వెళ్లేవారు వాడే నైలాను స్నాచ్ స్ట్రాప్ చేసేది ఇదే. 9 మీటర్ల స్ట్రాప్ దాదాపు అయిదో వంతు, అంటే 2 మీటర్లకు దగ్గరగా సాగుతుంది. లాగే బండి ఊపును తనలో దాచుకుని, దిగబడ్డ బండికి మెల్లగా అందిస్తుంది. అయితే బురద చక్రాలను ఎంత గట్టిగా పట్టుకుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. అందుకని తాడు తగిలించే కొక్కేన్ని లెక్కకు వచ్చిన బలానికి కొన్ని రెట్లు ఎక్కువ తట్టుకునేలా కడతారు. తాడును కొక్కేనికి కలిపేందుకు ఎక్కువగా వాడే విల్లు ఆకారపు ఇనుప కొండీ (షాకిల్) మీద 4.75 టన్నులని ముద్ర ఉంటుంది. దాని పిన్ను మందం 22 మి.మీ. ముద్ర లేని షాకిల్ ఎంత మోస్తుందో తెలుసుకునే దారి లేదు, దాన్ని కొనకూడదు.

■ టో బాల్‌కు తాడు కట్టొద్దు

ట్రెయిలరు తగిలించే గుండ్రటి ఇనుప బంతి వెనక పొడుచుకు వచ్చి ఉంటుంది కాబట్టి, తాడు దానికే వేయాలనిపిస్తుంది. ట్రెయిలరును స్థిరంగా లాగడానికి చేసిన వస్తువది, కుదుపుతో వచ్చే లాగుడుకు కాదు. ఒకే కాడ మీద నిలబడి ఉండటంతో బలమంతా ఆ కాడ మెడ దగ్గర చేరుతుంది. అది విరిగితే, సాగి ఉన్న స్ట్రాప్ ఒడిసెలలా ఆ ఇనుప గుండును విసురుతుంది. అద్దం పగలగొట్టుకుని లోపలికి వస్తుంది. ఆస్ట్రేలియాలో ఇలా ప్రాణాలు పోయాయి. బంతిని దాన్ని మోసే ఇనుప దిమ్మతో సహా తీసేసి, అది దూరే గొట్టంలో సరిపోయే షాకిల్ దిమ్మ పెట్టి, పిన్నుతో బిగించి వాడాలి.

బలం ఏ దారిన పోతుంది?

బంపరు కట్టేవాళ్లు ముందు అడిగేది "ఎంత మందం ప్లేటు?" అనే. నా ఉద్దేశంలో ముందు అడగాల్సింది "కొక్కెం నుంచి ఛాసిస్ దాకా దారి ఏది?" అని.

ఒక పాత పద్ధతి చూడండి. బంపరు బయటి ముఖానికి కొక్కెం ముక్కను ఆనించి చుట్టూ వెల్డింగు చేస్తారు. బయటికి చూడటానికి గట్టిగానే ఉంటుంది. లాగినప్పుడు మాత్రం బలం ఆ ప్లేటును ఒక అంచు నుంచి ఒలిచినట్టు లాగుతుంది. వెల్డు అతుకు అలా ఒలిచే బలానికే అన్నిటికన్నా బలహీనం. సరైన పద్ధతిలో ముఖానికి గాడి కోస్తారు. 20 మి.మీ. మందపు కొక్కెం ప్లేటును ఆ గాడిలోంచి లోపలికి దూర్చి, ముందూ వెనకా వెల్డు చేస్తారు. దాని వెనక భాగాన్ని నేరుగా ఛాసిస్ బ్రాకెట్టుకు కలుపుతారు. అప్పుడు లాగుడు బలం బంపరు ముఖాన్ని ముట్టుకోకుండానే ఛాసిస్‌లోకి వెళ్లిపోతుంది. బంపరు మధ్యలో ఎక్కడో కొక్కెం పెడితే మొత్తం బంపరే వంగాలని చూస్తుంది. దూలాల ఎదురుగానే రెండు వైపులా పెడితే ఆ బాధ ఉండదు.

బ్రాకెట్టును ఛాసిస్‌కు వెల్డు చేయకూడదు, బోల్టులతోనే బిగించాలి. చాలా బండ్ల ఛాసిస్ మామూలు ఇనుము కాదు, ఎక్కువ బలం కోసం ప్రత్యేకంగా తయారైన ఉక్కు. వెల్డింగు వేడి తగిలిన చోట దాని గుణం మారుతుంది, అతుకు పక్కనే పగులు మొదలవుతుంది. పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు దగ్గర్లోనే ఉంటాయన్నది ఇంకో కారణం.

బోల్టు తల మీద 8.8, 10.9 అని అంకెలుంటాయి. 8.8లో మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల లాగుడు దాకా తెగదని. రెండో 8 అంటే అందులో 80 శాతం దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుందని. 12 మి.మీ. బోల్టు 8.8 రకానిదైతే, సరిగ్గా బిగించినప్పుడు రెండు ప్లేట్లను మూడున్నర టన్నులకు పైగా బలంతో అదిమిపెడుతుంది. బోల్టు చేసే అసలు పని ఈ అదుముడే. ప్లేట్లు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకున్నాక జారవు, జారకపోతే బోల్టు మీద కోత పడదు. వదులైన బోల్టు తెగేది అందుకే. అంకెలు లేని బోల్టు ఇక్కడ పనికిరాదు.

ఇందులో ఒక చిక్కుంది. ఛాసిస్ దూలం చాలా బండ్లలో బోలుగా ఉండే పెట్టె. దాన్ని అడ్డంగా తొలిచి బోల్టు దూర్చి బిగిస్తే, నట్టు తిరిగేకొద్దీ పెట్టె రెండు గోడలూ లోపలికి నొక్కుకుపోతాయి. బిగువు వచ్చినట్టే ఉంటుంది, నాలుగు రోజుల్లో సడలిపోతుంది. అందుకని దూలం లోపలి వెడల్పుకు సరిగ్గా కోసిన గొట్టం ముక్కను రెండు గోడల మధ్య నిలిపి, దానిలోంచి బోల్టు పోనిస్తారు. బిగించినప్పుడు ఒత్తిడి గొట్టం మీద పడుతుంది, గోడలు నలగవు. వేలెడంత గొట్టం ముక్క, బయటికి కనిపించదు. బంపరు ఎవరు కట్టారో, ఎలా కట్టారో తెలియాలంటే నేను మొదట అడిగేది దాని గురించే.

ఛాసిస్సే లేని బండ్లకు ఇంకా కష్టం. 1984 నుంచి 2001 దాకా అమెరికాలో తయారైన జీప్ చెరోకీకి విడిగా ఛాసిస్ లేదు, పలుచటి రేకుతో మలిచిన బాడీయే అన్నీ మోస్తుంది. అందుకే దాని బంపరు కట్టేవాళ్లు బ్రాకెట్లను రేకు పట్టెల వెంట ముందుకు చాలా దూరం సాగదీసి, బలాన్ని అనేక బోల్టులకు పంచుతారు. మన దగ్గర 1985లో వచ్చిన మారుతి జిప్సీకి, థార్‌కు దూలాల ఛాసిస్ ఉండటం ఈ పనికి పెద్ద వరం.

బంపరుకు తగిలిన దెబ్బకు ఛాసిస్ వంగిన మొదటి చిక్కుముడికి జవాబు కూడా ఈ బ్రాకెట్టు దగ్గరే ఉంది. లాగుడుకు తట్టుకోవాల్సిన బలం కొన్ని టన్నులు, పెద్ద ఢీకి వచ్చేది దానికి చాలా రెట్లు. ఈ రెండిటి మధ్య ఉన్న ఎడంలో బ్రాకెట్టును కట్టాలి. ఎంత లాగినా కదలకూడదు, గట్టిగా గుద్దుకుంటే ఛాసిస్ కన్నా ముందు తాను ముడుచుకోవాలి. వంగిన బ్రాకెట్టును విప్పి కొత్తది బిగించుకోవచ్చు. వంగిన ఛాసిస్‌ను మళ్లీ పూర్తిగా పూర్వస్థితికి తేవడం కష్టం.

మందం కాదు, మడత

వర్క్‌షాపుల్లో రెండు సూతుల ప్లేటు అంటే సుమారు 6 మి.మీ. మందం ఉన్నది. అన్నిటికీ అదే వేయమని అడిగేవారు ఎక్కువ. 100 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం ఉన్న బల్లపరుపు పట్టెను తీసుకోండి. దాదాపు అంతే బరువుండే 50 మి.మీ. చదరపు గొట్టాన్ని (గోడ మందం 3 మి.మీ.) తీసుకోండి. పడుకోబెట్టిన పట్టె కన్నా గొట్టం నూరు రెట్లకు పైగా బిగువుగా ఉంటుంది. ఇనుము ఎంత ఉందన్నదాని కన్నా, అది మధ్య నుంచి ఎంత దూరంగా ఉందన్నదే ముఖ్యం. అందుకే 3 మి.మీ. ప్లేటును రెండు మూడు చోట్ల మడిచి పెట్టెలా కడితే చాలు. మందమైన ప్లేటును కొక్కేలకు, బ్రాకెట్లకు దాచుకోవాలి. చదరపు మీటరు 3 మి.మీ. ప్లేటు 23 కిలోలు దాటుతుంది, 6 మి.మీ. అయితే 47 కిలోలు. ఈ తేడాను బండి ఎల్లకాలం మోయాలి.

వెల్డు చల్లారేటప్పుడు

కరిగిన ఉక్కు చల్లారుతూ కుంచించుకుపోతుంది, పక్కనున్న ప్లేటును తన వైపు లాక్కుంటుంది. ఒకే వైపు పొడుగ్గా వెల్డు చేసుకుంటూ పోతే బంపరు అరటికాయలా వంపు తిరుగుతుంది, బోల్టు రంధ్రాలు కలవవు. అనుభవం ఉన్నవాళ్లు ముందు చుక్కలతో అతికి, కొలతలు సరిచూసుకుంటారు. బంపరును గట్టి చట్రానికి బిగించి, ఒకసారి ఈ చివర, ఒకసారి ఆ చివర కొద్దికొద్దిగా వెల్డు చేస్తారు. బండి మీదే చుక్కలు పెట్టాల్సి వస్తే ముందు బ్యాటరీ తీగలు విప్పుతారు.

కొక్కేలకు మామూలు 6013 రాడ్డు కన్నా 7018 మంచిది. అయితే దానికి తేమ పడదు. రాడ్డు పైపూతలోని తేమ నుంచి వచ్చిన హైడ్రోజన్ వెల్డులో చేరి, చల్లారిన కొన్ని గంటల తరవాత కూడా పగులు తేగలదు. కాకినాడ, విశాఖ వంటి సముద్రతీరాల్లో ఆ రాడ్లను ఓవెన్‌లో వేడిచేసి వాడటం తప్పనిసరి.

వెనక పడ్డ బరువు

బంపరు, స్పేరు టైరు స్టాండు, డీజిలు డబ్బా కలిపి 100 కిలోలు అయ్యాయనుకుందాం. అవి వెనక ఇరుసుకు మీటరు దూరంలో ఉన్నాయి. థార్ ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2,450 మి.మీ. వెనక ఇరుసు మీద పడే అదనపు బరువు 100 కాదు, 141 కిలోలు. ఆ 41 కిలోలు ముందు చక్రాల మీద నుంచి తగ్గినవి. తూగుడు చెక్కకు ఒక చివర బరువు పెడితే రెండో చివర లేచే సూత్రమే ఇది. స్టీరింగు తేలికవుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి లేస్తాయి, మలుపులో తోక బయటికి పోవాలని చూస్తుంది. వెనక స్ప్రింగులు మార్చకుండా ఇంత బరువు వేలాడదీయకూడదు.

కంపెనీ టైరు కన్నా పెద్దది వేసినవాళ్లు దాన్ని వెనక తలుపుకు కాకుండా, బంపరు మీద పక్కకు తిరిగే స్టాండుకు తగిలిస్తారు. తలుపు బందుల మీద భారం తగ్గించడానికి ఇది మంచి మార్గమే. కానీ ఆ స్టాండు తిరిగే కాడకు తగినంత పొడవు ఉండాలి. 35 కిలోల టైరు కాడకు 75 సెం.మీ. దూరంలో వేలాడుతూ, కాడలోని రెండు బేరింగుల మధ్య ఎడం 15 సెం.మీ. ఉంటే, ఒక్కో బేరింగు మీద 175 కిలోల పక్క ఒత్తిడి పడుతుంది. గుంతలో కుదుపుకు అది మూడింతలైతే 500 దాటుతుంది. బేరింగుల ఎడం రెట్టింపు చేస్తే ఒత్తిడి సగమవుతుంది. స్టాండు మూసినప్పుడు దాని రెండో చివర ఒక ఏటవాలు దిమ్మ మీదకు ఎక్కి కూర్చోవాలి, లేకపోతే ప్రయాణమంతా కాడ ఒక్కటే మోయాలి.

మరికొన్ని చిన్న విషయాలు. పెట్టెలా మూసిన బంపరుకు అడుగున నీరు కారే రంధ్రాలు ఉండాలి, లేకపోతే లోపలి నుంచి తుప్పు తింటుంది. పొగగొట్టం చివర బంపరు దాటి బయటికి రాకుండా ఆగిపోతే పొగ లోపలికి వస్తుంది. 2019 జులై నుంచి తయారైన కొత్త కార్లకు రివర్సు సెన్సర్లు తప్పనిసరి. వాటిని రబ్బరు వలయంతో ఇనుము నుంచి వేరుచేసి అమర్చాలి. నంబరు ప్లేటు, దాని దీపం, ఎర్ర రిఫ్లెక్టర్లు కనపడాలి.

చట్టం, వెనక వచ్చే బైకు

మన రోడ్ల మీద జీపు వెనక ఎక్కువగా వచ్చేది ద్విచక్ర వాహనం. సడన్‌గా బ్రేకు వేస్తే దాని మీదున్న మనిషి గుద్దుకునేది ఈ ఇనుముకే. కంపెనీ తొడుగు కొంతైనా నలుగుతుంది, పదునైన అంచు, పొడుచుకొచ్చిన కొక్కెం మాత్రం ఎముకలు విరుస్తాయి. అంచులన్నీ గుండ్రంగా అరగదీయడం, వాడనప్పుడు షాకిళ్లు విప్పి లోపల పెట్టుకోవడం బండి కట్టేవాడి బాధ్యత.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు. బుల్ బార్లు, క్రాష్ గార్డులు అమర్చడం ఆ సెక్షనుకు విరుద్ధమని, వాటిపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. కాబట్టి కొలతలు గీయకముందే ఆర్టీవో కార్యాలయంలో అడిగి తెలుసుకోండి, ఇన్సూరెన్సు కంపెనీకి రాసి చెప్పండి. అనుమతి రాకపోతే, ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన కంపెనీ కొక్కెం, ఒక మంచి స్నాచ్ స్ట్రాప్, ముద్ర ఉన్న రెండు షాకిళ్లు చాలా ప్రయాణాలకు సరిపోతాయి.

బంపరు ఏదైనా సరే, ఎవరైనా మీ బండికి తాడు తగిలించబోతే ఒకసారి కిందకు వంగి చూడండి. ఆ కొక్కెం ఛాసిస్‌కు ఉందో, రేకుకు ఉందో, బోల్టుల తల మీద అంకెలున్నాయో లేదో చూడండి. తాడు బిగిసేలోగా చుట్టూ ఉన్నవారందరినీ తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరానికి పంపించండి.